వేట ఒక్క రోజు.. లెక్క పదేళ్లు

మే నెల. చెరువులో నీళ్లు బాగా దిగిపోయాయి. తెల్లారకముందే కట్ట మీద మోపెడ్లు, ఐసు డబ్బాలు, కాంటా, సిటీ నుంచి వచ్చిన డీసీఎం బండి. మీ నాన్నో, మేనమామో వల భుజాన వేసుకుని నీళ్లలోకి దిగుతాడు. మధ్యాహ్నానికి తూకాలు, సాయంత్రానికి పంపకాలు. ఆ రాత్రి ఊళ్లో ఏ ఇంటి ముందు నుంచి పోయినా చేపల పులుసు వాసనే.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెరిగిన వాళ్లకు ఈ సీన్ కొత్త కాదు. కానీ కాంటా పక్కన ఒకాయన కూర్చుని రాసుకునే నోట్‌బుక్కును మీరెప్పుడైనా తెరిచి చూశారా? అందులో మీ ఊరి మత్స్య పారిశ్రామిక సహకార సంఘం జాతకం ఉంటుంది. బీకాం ఫైనలియర్‌లో ఉన్నా, బీటెక్ అయిపోయి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా ఆ పుస్తకం చదవడం ఒకసారి నేర్చుకోండి. బ్యాలెన్స్ షీట్ అంటే ఏమిటో ఏ కోచింగ్ మెటీరియల్ కన్నా అదే బాగా చెప్తుంది. మీ ఇంటి వాటా ఎంతో కూడా తెలుస్తుంది.

వేట క్లబ్బుల ఖర్చు ఎక్కడిది?

మన భాషలో చేపలు పట్టడాన్నీ వేట అనే అంటాం. అడవిలో వేట మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో నేరమైంది. మన్ననూరు దాటాక వచ్చే ఫర్హాబాద్ ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన చోటు. ఇప్పుడది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. కాబట్టి తుపాకీ పట్టుకుని సభ్యులంతా కలిసి వెళ్లే వేట క్లబ్బులు మనకు లేవు. అమెరికాలో ఇప్పటికీ ఉన్నాయి. ఇరవై ముప్పై మంది కలిసి ఒక రైతు దగ్గరో, కలప కంపెనీ దగ్గరో అడవి భూమిని లీజుకు తీసుకుంటారు. ఏటా తలా ఇంత చందా వేసుకుంటారు. లాభం కోసం నడిపే క్లబ్బులు కావవి.

ఆ క్లబ్బుల లెక్కల్లో సాధారణంగా పెద్ద ఖర్చు ఒక్కటే, లీజు. పెద్ద భయం కూడా ఒక్కటే, సభ్యులు తగ్గిపోవడం. ముప్పై మంది వేసుకునే లీజును పదిమంది మానేశాక ఇరవై మంది వేసుకోవాలి. అంటే తలా చందా ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లు. అది కట్టలేక ఇంకో నలుగురు మానేస్తారు. ఒక ఏడాది లెక్క చూస్తే ఈ జారుడు కనిపించదు. ఐదారేళ్ల లెక్కలు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

మన చెరువు సంఘంలో భయం దీనికి తలకిందులు. ఇక్కడ సభ్యులు పెరిగితే గొడవ. వచ్చే చేప అంతే, పంచుకునే చేతులు ఎక్కువ. కొత్త సభ్యత్వాల మీద ఊళ్లలో పంచాయితీలు జరిగేది ఇందుకే. సభ్యత్వం కావాలంటే నైపుణ్య పరీక్ష కూడా ఉంటుంది. ఈత కొట్టాలి, వల విసరాలి, వల అల్లడం తెలిసుండాలి. ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నవాడు కట్ట మీద వల విసరలేక తిరిగొచ్చిన ముచ్చట్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి.

‘లాభాపేక్ష లేని’ అంటే?

ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడే ప్రశ్న ఇది. లాభాపేక్ష లేని సంస్థ అంటే డబ్బు మిగలని సంస్థ అనుకుంటారు. కాదు. మిగలొచ్చు, మిగలాలి కూడా. మిగిలింది సభ్యులు పంచుకోకూడదు, అంతే. మీ ఊరి యువజన సంఘాన్నే తీసుకోండి. అది 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైందనుకుందాం. కనీసం ఏడుగురు ఉంటే చాలు, నమోదు చేసుకోవచ్చు. వినాయక చవితి చందాలో 12 వేలు మిగిలితే అది సంఘం డబ్బే. వచ్చే ఏడాది మండపానికో, లైబ్రరీకో వాడాలి. ‘తలా వెయ్యి తీసుకుందాం రా అన్నా’ అనడానికి లేదు. అమెరికా వేట క్లబ్బులకూ ఇదే సూత్రం.

చేపల సంఘం ఈ కోవలోది కాదు. అది 1964 సహకార సంఘాల చట్టం కిందికి వస్తుంది. ఇక్కడ సభ్యులు పంచుకోవచ్చు, కానీ మొత్తం కాదు. నికర లాభంలో కనీసం నాలుగో వంతు రిజర్వ్ ఫండ్‌కు వెళ్లాలని చట్టమే చెప్తోంది. కాగితం మీద అందరికీ తెలిసిన ఈ నియమం, కట్ట మీద పంపకాల రోజు ఎవరికీ గుర్తుండదు. తప్పు పట్టడం తేలికే. మే నెలలో స్కూలు ఫీజు, విత్తనాలు, పెళ్లి అప్పు, అన్నీ ఒకేసారి వచ్చి కూర్చుంటాయి. చేతిలోకి వచ్చే నోటును ‘ఉండనీ, వచ్చే కరువుకు పనికొస్తది’ అనడం ఎవరికైనా కష్టమే.

ఒక లెక్క వేద్దాం

ఇది ఊహా లెక్కే, కానీ మీ ఊరి అంకెలు వేసుకుని చూసుకోవచ్చు. 120 ఎకరాల చెరువు, 60 మంది సభ్యులు. ఎకరానికి క్వింటా చొప్పున 12 వేల కిలోల చేప. వ్యాపారి కిలోకు 70 రూపాయలు ఇచ్చాడు. మొత్తం రాబడి 8 లక్షల 40 వేలు.

ఖర్చులు చూద్దాం. లీజు 20 వేలు. ప్రభుత్వం ఇచ్చేవి కాక సొంతంగా కొన్న చేపపిల్లలకు 60 వేలు. వలలు, తెప్పల మరమ్మతుకు 50 వేలు. కాపలాదారుకు నెలకు 8 వేల చొప్పున 96 వేలు. వేట రోజుల్లో ఐసు, కూలీ, రవాణా కలిపి 74 వేలు. అన్నీ కలిపితే 3 లక్షలు. మిగులు 5 లక్షల 40 వేలు. మొత్తం పంచేస్తే తలా 9 వేలు. నాలుగో వంతు, అంటే లక్షా 35 వేలు పక్కన పెట్టి పంచితే తలా 6,750. తేడా 2,250 రూపాయలు.

మొదటి ఏడాది మొత్తం పంచేశారు. రెండో ఏడాదీ అంతే. మూడో ఏడాది వాన లేదు. చెరువు నెర్రెలిచ్చింది. రాబడి సున్నా. నాలుగో ఏడాది వానలు పడి చెరువు నిండింది, అలుగు కూడా దుంకింది. ఊరంతా పండగ. సంఘం ఖాతాలో మాత్రం పైసా లేదు. లీజు, పిల్లలు, వలలకు ముందుగానే లక్షా 30 వేలు కావాలి. వ్యాపారి ముందుకొచ్చాడు. ‘పైసలు నేనిస్తా, చేప నాకే ఇయ్యాలె, కిలోకు 55’ అన్నాడు.

ఇక్కడ ఆగి లెక్కేయండి. కిలోకు 15 రూపాయలు తగ్గింది. 12 వేల కిలోలకు లక్షా 80 వేలు. లక్షా 30 వేల బయానా కొన్ని నెలలు వాడుకున్నందుకు సంఘం చెల్లించిన ధర ఇది. అసలు వేరు, దాన్ని ఎలాగూ తిరిగి కట్టాలి. తలా చూస్తే 3 వేలు పోయాయి. మొదటి ఏడాది 2,250 ఎక్కువ తీసుకున్న సంతోషం అక్కడితో సరి.

ఈ మూడు వేలు ఏ రసీదులోనూ కనిపించదు. ‘వడ్డీ’ అని ఎవరూ రాయరు. క్యాష్ బుక్కులో చేపల అమ్మకం 6 లక్షల 60 వేలు అని మాత్రమే ఉంటుంది. ధర ఎందుకు తగ్గిందో తెలియాలంటే నాలుగేళ్ల పుస్తకాలు తెరవాలి. ఆడిట్ సంస్థల్లో ట్రెండ్ అనాలిసిస్ అని గొప్పగా చెప్పే పని ఇదే.

రిజర్వ్ ఫండ్ డబ్బును ఎప్పుడంటే అప్పుడు తీయడానికి లేదు, దానికి నియమాలున్నాయి. అందుకే వచ్చే సీజన్ పెట్టుబడి కోసం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, వేరే ఖాతాలో కొంత దాచుకోవడం మంచిది. దాన్ని పిల్లల నిధి అనండి, వలల నిధి అనండి, పేరు మీ ఇష్టం.

మూడో ఏడాది కరువు నా కల్పన అనుకోకండి. 2015లో తెలంగాణ ప్రభుత్వం 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అందులో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని 64 మండలాలూ ఉన్నాయి. నల్గొండలో 22. ఆ తర్వాత మిషన్ కాకతీయ పూడికతీత జరిగింది, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చెరువుల్లోకి వచ్చాయి, చాలాచోట్ల పరిస్థితి మారింది. కానీ నీళ్లు ఎక్కువైనా ప్రమాదమే. ఆసియాలోనే పేరున్న సైఫన్ల ప్రాజెక్టు, వనపర్తి జిల్లాలోని సరళాసాగర్‌కు 2019 డిసెంబర్ 31న గండి పడింది. నీళ్లు పోయిన చోట చేప నిలవదు కదా. మూడు నెలలు తిరక్కుండానే కరోనా లాక్‌డౌన్. ఐదారేళ్లలో ఇన్ని దెబ్బలు తినే వ్యాపారాన్ని ఒక్క ఏడాది లాభనష్టాలతో ఎలా కొలుస్తాం?

రెండు క్యాలెండర్ల గండం

మీరు పుస్తకం తెరవగానే తికమక పెట్టే విషయం ఒకటి చెప్తా. చెరువు లీజు ఫసలీ లెక్కన నడుస్తుంది. జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. నిజాం కాలం నుంచి వస్తున్న రెవెన్యూ సంవత్సరం అది. 2024 జులైలో మొదలైంది 1434 ఫసలీ. సంఘం జమాఖర్చులు మాత్రం ఏప్రిల్ నుంచి మార్చి దాకా.

దీనివల్ల ఏమవుతుందంటే, ఆగస్టు, సెప్టెంబర్లలో పిల్లలు వదులుతారు. ఆ ఖర్చు ఈ ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. వేట ఏప్రిల్, మే నెలల్లో జరిగితే రాబడి వచ్చే ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. మార్చి 31 నాటి కాగితం చూస్తే సంఘం నష్టాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. చెరువులో మాత్రం 12 వేల కిలోల చేప ఈదుతూనే ఉంటుంది! అకౌంటెన్సీలో క్లోజింగ్ స్టాక్ అని చదువుకున్నాం కదా, అది నీళ్ల కింద ఉంది. దాన్ని తూకం వేయలేం. వదిలిన పిల్లల సంఖ్య, బతికే శాతం, పెరుగుదల చూసి అంచనా కట్టాల్సిందే. ఇలాంటి ప్రశ్న ఏ టెక్స్ట్‌బుక్కులోనూ నాకు తగల్లేదు.

ప్రభుత్వం 2016-17 నుంచి ఉచితంగా చేపపిల్లలు ఇస్తోంది. బొచ్చె, రోహు, బంగారు తీగ లాంటివి. డబ్బు కట్టలేదు కాబట్టి చాలా సంఘాల పుస్తకాల్లో వీటి ఊసే ఉండదు. ఉండాలి. ఏ తేదీన, ఏ సైజువి, ఎన్ని వచ్చాయి, కట్ట మీద ఎవరు లెక్కపెట్టారు, ఎవరు సంతకం పెట్టారు అన్నది రాసి పెట్టుకోవాలి. పిల్లలు ఆలస్యంగా వచ్చిన ఏడాది వేటలో చేప సైజు తగ్గుతుంది. సైజు తగ్గితే ధర తగ్గుతుంది. రాసుకోకపోతే ఆ సంగతి తేలేది ఎలా? ‘ఈసారి చెరువు కలిసిరాలే’ అనుకుని వదిలేస్తారు.

పుస్తకం లేకుంటే పోయేది డబ్బొక్కటే కాదు

నల్గొండ వైపు ఒక ఊళ్లో సంఘం పుస్తకాలు చూద్దామని వెళ్లాను. పేరు వద్దు. పెద్దాయన ఒకరు గడప మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. రెండు రసీదు పుస్తకాలు, అట్ట ఊడిన ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి ముందర పెట్టారు. మూడేళ్ల కిందటి దగ్గర రాత ఆగిపోయింది. ‘మిగిలిన లెక్క ఏది పెద్దనాయనా?’ అంటే నవ్వారు. ‘నోటి మీదనే ఉంది బిడ్డా, అడుగు, చెప్త’ అన్నారు. నిజంగానే చెప్పారు. ఏ ఏడు ఎన్ని క్వింటాళ్లు, ఏ సేటు ఎంత ఎగ్గొట్టాడు, అంతా. ఒక్క అంకె కూడా తడుముకోలేదు. కానీ ఆడిటర్‌కు నోటి లెక్క పనికిరాదు. ఆయన తర్వాత ఆ లెక్క ఎవరికీ తెలియదు.

సంఘం లెక్కల మీద అనుమానం వస్తే సెక్షన్ 51 కింద విచారణ జరుగుతుంది. జిల్లా పేపర్లలో ఈ మాట చూసే ఉంటారు. పుస్తకం సరిగ్గా ఉంటే విచారణ తొందరగా తేలుతుంది. లేకపోతే తినని వాడూ దొంగే అవుతాడు. అది ఊళ్లో తరాలు మాసిపోని మచ్చ.

ఇంకోటి మరీ ముఖ్యం. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. వేటలో తెప్ప తిరగబడటం, వలకు కాలు చిక్కడం ప్రతి సీజన్‌లో జరిగేవే. జాబితాలో పేరు ఎక్కకపోతే, ఆధార్‌లో ఒక పేరు, రిజిస్టర్‌లో ఇంకో పేరు ఉంటే ఆ ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. సభ్యుల రిజిస్టర్‌ను ఆధార్‌తో సరిచూడటానికి మీకు రెండు సాయంత్రాలు పడుతుంది. ఎక్సెల్ వస్తే ఒక్కటే చాలు.

సెలవుల్లో ఏం చేయొచ్చు?

ముందు అడగడం నేర్చుకోండి. ‘లెక్కలు చూపించండి’ అని కుర్చీ లాక్కుని కూర్చుంటే పుస్తకం రాదు, తగాదా వస్తుంది. ‘మామా, ప్రాజెక్టు వర్కుంది, కొంచెం చూసి రాసుకుంటా’ అంటే వస్తుంది. అబద్ధం కాకుండా నిజంగానే ప్రాజెక్టుగా పెట్టుకోండి. డిగ్రీ కాలేజీల్లో అందరూ ఒకే ‘వర్కింగ్ క్యాపిటల్’ రిపోర్టును జిరాక్స్ తీసి ఇస్తున్న రోజుల్లో ఇది నిలబడుతుంది.

ఐదేళ్ల క్యాష్ బుక్, బ్యాంక్ పాస్‌బుక్, తీర్మానాల పుస్తకం చాలు. పాస్‌బుక్‌తోనే మొదలుపెట్టండి, అది అబద్ధం చెప్పదు. క్యాష్ బుక్కులో ఉండి పాస్‌బుక్‌లో లేనివి ఏవి, అటుది ఇటు లేనివి ఏవి, రాసుకోండి. ఏడాదికొక కాలమ్ పెట్టి రాబడి, ఖర్చు, పంచింది, మిగిల్చింది రాయండి. కింద కిలో ధర, వాన సంగతి ఒక్కో లైన్. తేడా దొరికితే కట్ట మీద పదిమందిలో కేకేయొద్దు. ముందు కార్యదర్శినే అడగండి. సగం తేడాలు రాయడం మర్చిపోయినవే అయి ఉంటాయి. మిగతా సగం సర్వసభ్య సమావేశంలో అడగాల్సినవి. అడగాల్సింది సభ్యుడైన మీ నాన్న, మీరు కాదు. ఆయన చేతికి కాగితం ఇచ్చి పంపండి.

కొలువుల మాట కూడా చెప్పుకోవాలి. తెలంగాణలో తొమ్మిది వందలకు పైగా ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలున్నాయి. వాటి లెక్కలను కంప్యూటర్లలోకి ఎక్కించే పథకాన్ని కేంద్రం 2022లో తెచ్చింది. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో జిల్లా సహకార బ్యాంకులున్నాయి. గ్రూప్-2లో సహకార శాఖ అసిస్టెంట్ రిజిస్ట్రార్ పోస్టు ఉంటుంది, సంఘాల పుస్తకాలు చూడటం ఆ ఉద్యోగంలో భాగమే. బైపీసీ చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లకు పెబ్బేరులో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ. పీజీ చేయాలనుకుంటే గుజరాత్ ఆనంద్‌లోని ఇర్మా ఇప్పుడు త్రిభువన్ సహకారీ యూనివర్సిటీ, 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. పుణెలో వైకుంఠ మెహతా సంస్థ ఉంది. ఎన్జీవోల్లో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి వెళ్తే టాలీ వచ్చా అని ఎలాగూ అడుగుతారు. ‘మా ఊరి సంఘం ఐదేళ్ల లెక్కలు నేనే సరిచేశాను’ అని రెండు పేజీలు ముందు పెడితే మాట్లాడటానికి వాళ్లకూ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వను. పాలమూరు నుంచి ముంబయి, పుణెలకు వలస వెళ్లిన వాళ్ల పిల్లలకు ఇలాంటి హామీలు చాలానే విని ఉంటాయి.

జూన్ 30తో ఫసలీ ముగుస్తుంది. లీజు డబ్బు ఎంత, ఎవరు కట్టాలి, చేతిలో ఉందా లేదా అని ఆ ముందు వారాల్లోనే మాట్లాడుకుంటారు. సాయంత్రం పూట, చాలా ఊళ్లలో హనుమాండ్ల గుడి అరుగు మీద. మీకు అప్పటికి సెమిస్టర్ పరీక్షలు అయిపోయి ఉంటాయి. ఒక పెన్ను, కొత్త లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి ఓ మూలన కూర్చోండి. పెద్దవాళ్లు నోటి మీద లెక్క చెప్తుంటే రాసుకోండి.